ఫ్రిజ్ వెనక పళ్ళెం

ఆ మధ్య ఒక ఆదివారం, దోమల కోసం ఇన్నాళ్ళుగా కొన్న సామానంతా తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పేర్చాను. దోమల బ్యాట్లు మూడు. ఒకటి ఛార్జింగ్ ఎక్కదు, ఇంకొకటి ఎక్కుతుంది గానీ కొడితే టప్‌మనదు. ప్లగ్గులో పెట్టే లిక్విడ్ మిషన్లు గదికొకటి చొప్పున నాలుగు. సగం వాడిన కాయిల్స్ ప్యాకెట్. అత్తయ్య సంతలో కొనుక్కొచ్చిన దోమల అగరొత్తుల కట్ట, పేరూ ఊరూ లేనిది. బాల్కనీలో వేలాడదీసే నీలి లైటు డబ్బా. మనిషికి వినపడని శబ్దంతో దోమల్ని తరిమేస్తుందని అట్ట మీద రాసున్న తెల్లటి ప్లాస్టిక్ బిళ్ళ. ఒంటికి రాసుకునే క్రీము ట్యూబులు రెండు. ఇవికాక, ఏడాదికి నాలుగుసార్లు వచ్చి మందు కొట్టి వెళ్ళడానికి ఒక పెస్ట్ కంట్రోల్ కంపెనీకి కట్టిన రసీదులు. కూడి చూస్తే మూడేళ్ళలో 18 వేల చిల్లర తేలింది.

ఇన్నిటినీ దాటుకుని వచ్చి మా పెద్దాణ్ణి కుట్టింది ఒక దోమ. డెంగీ. ప్లేట్‌లెట్లు పడిపోయి అయిదు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఎంత బిల్లయిందో ఇక్కడ చెప్పను, అది వేరే ఏడుపు. వాడు ఇంటికొచ్చిన మర్నాడు మున్సిపాలిటీ దోమల విభాగం నుంచి ఇద్దరు వచ్చారు. డెంగీ తేలిన ఇంటికీ, చుట్టుపక్కల ఇళ్ళకీ అలా వస్తారు. ఒకాయన భుజాన పంపు, ఇంకొకాయన చేతిలో టార్చి. మందు కొట్టేసి వెళ్ళిపోతారు కదా, ఈలోగా ఇన్ని టీ నీళ్ళు పెడదామని నేను వంటింట్లోకి వెళ్ళాను. టార్చి ఆయన నా వెనకే వచ్చాడు. సింకు వైపు చూడలేదు, చెత్తబుట్ట వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి ఫ్రిజ్ వెనక్కి వంగాడు.

"మేడమ్, జర ఇటు రాండ్రి. గీ పళ్ళెంల జూడుండ్రి."

ఫ్రిజ్‌కి వెనకాల, అడుగున, ఒక ప్లాస్టిక్ పళ్ళెం ఉంటుందనీ, లోపల కరిగిన మంచు నీళ్ళు దాంట్లోకి చేరతాయనీ పన్నెండేళ్ళుగా ఆ ఫ్రిజ్ వాడుతున్న నాకు తెలియదు. ఆయన ఆ నీళ్ళు ఒక గాజు గ్లాసులోకి వంచి కిటికీ దగ్గర వెలుగులో పెట్టాడు. జీలకర్ర గింజల్లా సన్నటివి, బూడిద రంగువి, ఇరవై దాకా ఉన్నాయి. తోక పైకీ తల కిందికీ పెట్టి, నీటి పైపొరకి వేలాడుతున్నాయి. గ్లాసు మీద వేలితో తట్టాడు. అన్నీ ఒక్కసారిగా ఒళ్ళు మెలితిప్పుకుంటూ అడుక్కి పారిపోయాయి. కాసేపు కింద తచ్చాడి, ఒక్కొక్కటే మళ్ళీ పైకి. "ఊపిరి కోసం వస్తయ్ మేడమ్" అన్నాడు. తోక చివర ఉండే చిన్న గొట్టంతో గాలి పీలుస్తాయట. రెండు మూడు మాత్రం వేరే ఆకారంలో ఉన్నాయి, పుస్తకంలో కామా పెట్టినట్టు ముడుచుకుని. "ఇవి రేపో ఎల్లుండో ఎగుర్తయ్."

ఆ గ్లాసు చాలాసేపు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసిందని చెప్పడం తేలిక. అంతకంటే ఎక్కువగా మోసపోయాననిపించింది, నన్నెవరూ ప్రత్యేకంగా మోసం చేయకపోయినా. టేబుల్ మీద పేర్చిన ఆ సామానులో ఒక్కటైనా నీళ్ళలో ఉన్న దోమ కోసం చేసింది కాదు. అన్నీ రెక్కలొచ్చాక చంపేవో, తరిమేవో. రెక్కలనేవి ఈ పురుగుల చివరి వేషం. అంతకు ముందు గుడ్డుగా, పిల్లగా, గూడుపురుగుగా అవి వారం పది రోజులు ఒకే చోట పడి ఉంటాయి, ఎటూ పారిపోలేవు. ఎగరలేనప్పుడు వదిలేసి, ఎగిరాక బ్యాట్ పట్టుకుని ఇల్లంతా గెంతుతున్నాం. ఇల్లలుకుతూ తన పేరు తానే మర్చిపోయిన ఈగ కథలో లాగా, చంపే హడావిడిలో పడి ఇవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయన్న సంగతే మర్చిపోయాం.

ఈ మాట కొత్తదేం కాదు. మా ఊరికి మరీ పాతది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, ఇప్పటి బేగంపేటలో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపు కోసి మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమల్లో అదొకటి. కుట్టిన దోమకి ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. ఇంతవరకూ స్కూల్లో చెప్తారు. ఆ తర్వాత ఆయనేం చేశాడో చెప్పరు. 1901లో పశ్చిమ ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో కూలీల్ని పెట్టి వీధుల్లో నీళ్ళు నిలిచే గుంటలు పూడ్పించాడు, ఖాళీ డబ్బాలూ సీసాలూ ఏరించాడు. మరుసటేడు ఈజిప్టులో, సూయజ్ కాలువ ఒడ్డునున్న ఇస్మాయిలియాలో నీళ్ళ గుంటల వెంటే పడ్డాడు. దోమ కడుపు లోపలి దాకా చూసిన మనిషి దోమ వెంట పడకుండా నీళ్ళ వెంట పడ్డాడంటే, ఆయనకేదో తెలిసే ఉంటుంది కదా.

స్వతంత్రం వచ్చాక మనం రెండో దారి పట్టాం. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఇళ్ళ గోడలకి డీడీటీ అనే పురుగుమందు కొట్టడమే దానికి వెన్నెముక. అది పని చేయలేదని అనను, అద్భుతంగా పని చేసింది. ఏటా ఏడున్నర కోట్ల కేసులుంటాయని అంచనా వేసిన దేశంలో 1965 నాటికి అవి లక్షకి దిగాయి. 1976 వచ్చేసరికి మళ్ళీ 64 లక్షలు. డబ్బు, సిబ్బంది, శ్రద్ధ అన్నీ సడలడం ఒక కారణమైతే, దోమ డీడీటీకి అలవాటు పడిపోవడం ఇంకో కారణం. నీళ్ళు లేకుండా బతకడం మాత్రం అదింకా నేర్చుకోలేదు.

ఇంతకీ మనింట్లో ఉన్నది ఏ దోమ? అన్నీ ఒకటే అనుకుని నేను ఇన్నాళ్ళు డబ్బు తగలేశాను. టార్చి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పొద్దున కుడుతున్నయా, రాత్రి కుడుతున్నయా?" అని. పొద్దున కాఫీ వేళకీ, సాయంత్రం పొద్దు వాలే ముందూ, టేబుల్ కింద చీలమండల మీద సడీచప్పుడూ లేకుండా కుట్టేది ఏడిస్. నల్లటి ఒంటి మీద, కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. డెంగీ, చికున్‌గున్యా తెచ్చేది ఇదే. మురిక్కాలవ దానికి అక్కర్లేదు. మన ఇంట్లోని శుభ్రమైన నీళ్ళు కావాలి. కూలర్, మనీప్లాంట్ సీసా, హాల్లో అందానికి పూలు తేలేసి పెట్టే ఇత్తడి ఉరుళి, మూత సరిగా లేని ట్యాంకు, మేడ మీద పడేసిన టైరు. సాధారణంగా పుట్టిన చోటి నుంచి వంద రెండొందల మీటర్లకు మించి పోదు. అంటే పొద్దున్నే మిమ్మల్ని కుట్టిన దోమ మీ ఇంట్లోదో, పక్కింటిదో.

రాత్రి లైటు తీసేశాక చెవి దగ్గర రాగం తీసేది క్యూలెక్స్. మురుగు నీళ్ళు, నాలాలు, సెప్టిక్ ట్యాంకులు దాని పుట్టిల్లు. బోదకాలు తెచ్చేది అదే. మలేరియా దోమ అనాఫిలిస్ మూడోది, వెనక భాగం పైకెత్తి గోడకి ఏటవాలుగా గుచ్చినట్టు కూర్చుంటుంది. మా వైపు దాని బాధ తక్కువ కాబట్టి ఇక్కడితో వదిలేస్తున్నా.

నేనైతే ఒక లెక్క పెట్టుకున్నాను. పగటి దోమ నాది, రాత్రి దోమ మున్సిపాలిటీది. నా దోమకి నేను సమాధానం చెప్పాలి, వాళ్ళ దోమకి వాళ్ళు చెప్పాలి. ప్రతి వర్షాకాలం ఈ రెంటినీ కలిపేసి, "మీ ఇళ్ళలో నీళ్ళు నిలవ ఉంచుకోకండి" అని పత్రికా ప్రకటన ఇచ్చేసి ఊరుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. నాలాలో ప్లాస్టిక్ అడ్డం పడి, గుర్రపుడెక్క అల్లుకుపోయి నీళ్ళు కదలకుండా ఉంటే, నేను మనీప్లాంట్ నీళ్ళు మార్చి ఏం లాభం? అలాగే, ఆ నాలాని చూపించి ఫ్రిజ్ వెనక్కి వంగనివాళ్ళని చూసినా ఒళ్ళు మండుతుంది. మొన్నటిదాకా ఆ లిస్టులో మొదటి పేరు నాదే.

శుక్రవారం డ్రైడే, అంటే నిలవ నీళ్ళన్నీ ఒంపేసే రోజు, అని గోడల మీద రాస్తుంటే నవ్వుకునేదాన్ని. దాని వెనక లెక్క ఉందని ఇప్పుడు తెలిసింది. ఏడిస్ గుడ్డు నుంచి దోమ కావడానికి ఎండావానల్ని బట్టి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ళు పారబోస్తే ఏ పిల్లకీ రెక్కలు రావు. ఒక మెలిక ఉంది. అది గుడ్లు పెట్టేది నీళ్ళలో కాదు, నీటి అంచుకి కాస్త పైన, పాత్ర గోడకి. ఎండిపోయినా నెలల తరబడి చావకుండా అంటిపెట్టుకుని ఉంటాయి. మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. అందుకని ఒంపేస్తే సరిపోదు, పీచుతో రుద్ది కడగాలి. వేసవిలో వాడి అటకెక్కించిన కూలర్‌ని మరుసటేడు దించి నీళ్ళు నింపేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

కొన్న సరుకు గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి. ఆ నీలి లైటు డబ్బా రోజూ రాత్రి టప్‌టప్‌మంటుంటే ఎంత సంతృప్తిగా ఉండేదో! పొద్దున ట్రే తీస్తే నిండా పురుగులు. కాకపోతే వాటిలో దోమలు ఎన్నని ఏనాడూ చూడలేదు. అమెరికాలోని డెలావేర్‌లో ఇలాంటి డబ్బాల్లో చచ్చిన పురుగుల్ని కూర్చుని లెక్కపెట్టారు. 1996లో అచ్చయిన ఆ లెక్కలో మొత్తం 13,789 పురుగులు. మనిషిని కుట్టేవి 31. మిగతావన్నీ మనిషి జోలికి పోనివి. అందులో చీడపురుగుల్ని తినేవి కూడా బోలెడు. దోమ మనల్ని పసిగట్టేది మన ఊపిరిని బట్టీ ఒంటి వాసనని బట్టీ, అది లైటు చూసి మనసు మార్చుకునే రకం కాదు. ఇక వినపడని శబ్దం బిళ్ళ సంగతి. ఇలాంటి వాటి మీద బయట జరిపిన పది పరీక్షల్ని కలిపి 2007లో సమీక్షించారు. బిళ్ళ పెట్టినా పెట్టకపోయినా దోమలు కుట్టడంలో తేడా కనిపించలేదు. మా ఇంట్లో అది ఇప్పుడు రాత్రి వంటింట్లో నైట్ ల్యాంపుగా పని చేస్తోంది. పచ్చ లైటు బావుంటుంది.

కాయిల్ విషయంలో మాత్రం నేను కఠినంగా ఉంటాను. దోమలు పోతాయి, నిజమే. తలుపులేసుకుని ఒక కాయిల్ పూర్తిగా కాలిస్తే గాల్లో కలిసే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగతో సమానమని 2003లో ఒక అధ్యయనం వచ్చింది. మా అత్తయ్యకి ఆయాసం. ఆవిడ మంచం కిందే కాయిల్ పెట్టి, తలుపు దగ్గరికేసి, "ఇక హాయిగా పడుకోండి" అని చెప్పి వచ్చేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. అగరొత్తుల కట్ట ఇంకా ఘోరం. దాంట్లో ఏం మందు కలిపారో కట్ట మీద ఒక్క ముక్క లేదు. "అగరొత్తే కదమ్మా, దేవుడికి వెలిగించేదే కదా" అంటారావిడ. దోమ చచ్చిపోయేంత మందు అద్దాక అది దేవుడి వస్తువెలా అవుతుంది అత్తయ్యా అంటే, "నీకన్నీ అనుమానాలే" అని దోమతెర దించుకుని పడుకున్నారు. అదే నాక్కావలసింది. మంచానికి దోమతెర, కిటికీకి జాలీ, పగలు స్కూలుకెళ్ళే పిల్లల కాళ్ళకీ చేతులకీ క్రీము. ఇవి మూడూ డబ్బుకి న్యాయం చేసేవి. మందు పొగ బండి వీధిలోకి వస్తే పిల్లలు వెంట పరిగెత్తడం తప్ప పగటి దోమకి పెద్దగా ఏమీ కాదు. బండి వీధిలో పోతుంటే అది మంచం కిందా, కర్టెన్ వెనకా కూర్చుని ఉంటుంది.

వంటింట్లో అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలూ, బాత్రూం గోడలకి అంటుకుని కూర్చునే బొచ్చు రెక్కల పురుగులూ ఇదే బాపతు. మొదటివి మగ్గిన పండులో, తడి మాప్ గుడ్డలో పుడతాయి. రెండోవి కాలవ గొట్టం లోపల పేరుకున్న జిగురులో. స్ప్రే కొడితే ఆ పూటకి పోతాయి. గొట్టం లోపల బ్రష్షు పెట్టి ఆ జిగురు తోమేస్తే పుట్టడం మానేస్తాయి. అంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు కథ మిద్దెతోటలో నడిచింది. మేడ మీద నలభై కుండీలు, రెండు పందిళ్ళు. బీర, కాకర, సొర, దోస. మొదటి రెండేళ్ళూ ఫోటోలు పెట్టి మురిసిపోయాం. మూడో ఏడు బీరపిందెలు వేలెడంత కాగానే వంకరపోయి, ఒక పక్క చిన్న చుక్క దగ్గర బంక కారి, పసుపెక్కి రాలిపోవడం మొదలైంది. నీళ్ళెక్కువయ్యాయని తగ్గించాను, ఎరువు తక్కువైందని వేశాను. ఒకరోజు పొద్దున్నే పందిరి కింద స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. ఎర్రటి గోధుమరంగు ఈగ ఒకటి వచ్చి పిందె మీద వాలింది. వీపు మీద పసుపు చారలు, రెక్కల మీద మసక మచ్చలు, చూడ్డానికి చిన్న కందిరీగలా ఉంది. పిందె మీద అటూ ఇటూ నడిచింది. ఒకచోట ఆగి, తోక కొన సూదిలా చాపి, మెత్తటి తొక్కలోకి దించి, కదలకుండా నిలబడిపోయింది. నేను చెయ్యి ఎత్తలేదు. ఎందుకో చూడాలనిపించింది. అది లేచి పోయాక అక్కడ బంక బొట్టు ఒకటి మెల్లిగా ఊరి వచ్చింది.

ఇది పండు ఈగ. రైతులకి పాత శత్రువు. ఈ జాతి ఈగలూ, మరికొన్ని చీడలూ కనబడ్డాయనే 2014 మే 1 నుంచి యూరప్ దేశాలు మన మామిడిపళ్ళనీ, వాటితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమనీ రానివ్వకుండా నిషేధించాయి. మామిడి మీద నిషేధం మరుసటేడు ఎత్తేశారు. దేశాల మధ్య తగువు పెట్టిన ఈగని నేను వేపనూనె పిచికారీతో లొంగదీద్దామనుకున్నాను. పిచికారీ కాయ పైన పడుతుంది, పిల్లలుండేది కాయ లోపల. ఇంకా ఘాటు మందు కొడదామంటే కాకర, దోస పూలకి తేనెటీగలు రావాలి. అవి పోతే ఈగ బాధ ఉండదు, కాయ కూడా ఉండదు.

అప్పుడొక వాట్సాప్ చిట్కా వచ్చింది. తులసి ఆకులు నలిపి, కొబ్బరిచిప్పలో వేసి వేలాడదీస్తే పండు ఈగలు వచ్చి పడతాయని. చేశాను. రెండు రోజుల్లో చిప్పలో ఇరవై ముప్ఫై ఈగలు! ఫోటో తీసి మా అక్కకి, చెల్లికి, ఆఫీసు గ్రూపుకి పంపాను. బీరపిందెలు మాత్రం అలాగే రాలుతున్నాయి. తర్వాత తెలిసిన సంగతి. తులసిలో ఉండే మిథైల్ యూజినాల్ వాసనకి వచ్చేవి మామిడి, జామ పాడుచేసే పండు ఈగలు, అందులోనూ మగవి. తీగజాతి కాయల్ని కుట్టే ఈగ వేరు. దానికి తులసి వాసన పట్టదు, క్యూలూర్ అనే వేరే ఎర కావాలి. నేను వారం రోజులు పక్కింటి జామచెట్టుకి సేవ చేశానన్నమాట. జామపళ్ళు బాగున్నాయని పక్కింటి పిన్నిగారు నాలుగు పంపించారు కూడా.

తప్పు ఎక్కడుందో రాలిన కాయ కోసినప్పుడు తెలిసింది. లోపల తెల్లటి పురుగులు. బాగా ముదిరిన ఒకటి విల్లులా వంగి, చటుక్కున విడిపోయి, చాకు మీద నుంచి బెత్తెడు దూరం ఎగిరిపడింది. అలా గెంతి మట్టిలో దూరి, అక్కడ గూడు కట్టుకుని, మళ్ళీ ఈగై లేస్తుంది. నేనేం చేస్తున్నాను? రాలిన ప్రతి కాయనీ, "వృథా పోకూడదు" అని కంపోస్టు డబ్బాలో వేస్తున్నాను. పైన మట్టి చల్లుతున్నాను. తడి ఆరకుండా నీళ్ళు చిలకరిస్తున్నాను. ఫ్రిజ్ పళ్ళెం ఒకటి మేడ మీద కూడా పెట్టుకున్నానన్నమాట. ఇప్పుడు రాలిన కాయని అదే రోజు ఏరి, ప్లాస్టిక్ సంచిలో గట్టిగా మూతి కట్టి, వారం పది రోజులు ఎండలో పడేస్తాను. పిందె పడగానే న్యూస్‌పేపర్ తొడుగు వేస్తాను. పందిరి కింది మట్టిని అప్పుడప్పుడూ గుల్లచేసి ఎండ తగలనిస్తాను. క్యూలూర్ ఎర కూడా ఉంది, అది ఎన్ని ఈగలున్నాయో చెప్పడానికే పనికొస్తుందని నా అభిప్రాయం. నూటికి నూరు కాయలు దక్కుతున్నాయని చెప్పను. వంటకి సరిపోను దక్కుతున్నాయి.

కోనసీమలో మా అన్నయ్య కొబ్బరితోట చూసుకుంటాడు. మనవైపు రైతుల భాషలో "దోమ" అంటే కుట్టేది ఒక్కటే కాదు. తెల్లదోమ, పచ్చదోమ, సుడిదోమ, ఆకు రసం పీల్చి ఎగిరేదల్లా దోమే. 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర మొదట కనబడ్డ సర్పిలాకార తెల్లదోమ, ఆ తర్వాత మా తోటల్లోకీ వచ్చింది. ఆకు అడుగున సున్నంతో సుడులు గీసినట్టు గుడ్లు, పైన మసి బూజు పట్టి ఆకంతా నల్లగా. చూస్తే గుండె జారిపోతుంది. అన్నయ్య రెండుసార్లు మందు కొట్టించాడు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ విరుచుకుపడింది. ఈ తెల్లదోమ పిల్లల ఒంట్లోనే గుడ్లు పెట్టి వాటిని తినేసే ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి కందిరీగ ఒకటుంది, కంటికి ఆనదు. మందు కొడితే ముందు చచ్చేది అదే. అందుకే శాస్త్రవేత్తలు రసాయన మందులు ఆపమన్నారు. "ఊరికే కూర్చోమంటారేంటే, తోట తగలబడిపోతుంటే?" అని ఫోన్లో నా మీద అరిచాడు, నేనేదో చెప్పినట్టు. ఊరికే కూర్చోవడం అన్నిటికంటే కష్టమైన సేద్యం. నీళ్ళతో ఆకులు కడిగించడం, పసుపు జిగురు అట్టలు కట్టడం, వేచి చూడడం. ఏడాది తిరిగేసరికి కొత్త మట్టలు పచ్చగా వచ్చాయని ఫోటో పంపాడు. పాతవి ఇంకా నల్లగానే ఉన్నాయి.

ఇది చెప్పానని నేనేదో పురుగుల పక్షం అనుకోకండి. దోమ కనిపిస్తే ఇప్పటికీ బ్యాట్ తీస్తాను, టప్‌మంటే ఇప్పటికీ ఆనందమే. కాకపోతే తొలకరి వాన పడ్డ రాత్రి లైటు చుట్టూ ఉసుళ్ళు ముసిరినప్పుడు మా చిన్నాడు స్ప్రే డబ్బా తెస్తే మాత్రం వద్దన్నాను. అవి రెక్కలొచ్చిన చెదలే, ఒక్క రాత్రి చుట్టాలు. లైటు ఆర్పేసి, కాసేపు చీకట్లో కూర్చున్నాం. పొద్దున్నే చీపురుతో రెక్కలు ఊడ్చుకున్నాం. చెదల జంటలు గోడ పగుళ్ళలో దూరకుండా ఆ పగుళ్ళు పూడ్చుకోవడం తర్వాతి సంగతి.

పగటి దోమ నాది, రాత్రి దోమ మున్సిపాలిటీది అని పెట్టుకున్న లెక్క ఒక చోట మాత్రం తప్పుతోంది. మా ఇంటి పక్కన ఖాళీ ప్లాటు. ఓనరు డల్లాస్‌లో ఉంటాడు. ఎప్పుడో పునాదికని తవ్వించి వదిలేసిన గుంట నిండా వాన నీళ్ళు, పిచ్చిచెట్లు. వీధిలోవాళ్ళు విసిరేసిన టీ కప్పులు, కొబ్బరిబొండాలు, ఒక కమోడ్, రెండు టైర్లు. గుంటలో రాత్రి దోమ, బొండాల్లో పగటి దోమ. ఇది నాదా, ఆయనదా, మున్సిపాలిటీదా? మా సెప్టిక్ ట్యాంకు గొట్టానికి మేం జాలీ కట్టుకున్నాం, వీధిలో పది ఇళ్ళ చేత కట్టించాం, పాత నైలాన్ గుడ్డ, తాడు తప్ప ఖర్చు కూడా లేదు. ఈ ప్లాటుకి మాత్రం ఎవరం ఏమీ చేయలేకపోయాం. గంబూషియా చేపలు వదులుదామన్నారు ఒకరు. దోమ పిల్లల్ని తింటాయి గానీ, అవి పక్క చెరువులోకి చేరితే అక్కడి చేపల గుడ్లు కూడా తింటాయి. పైగా ఈ గుంట వేసవిలో ఎండిపోతుంది. మున్సిపాలిటీ వాళ్ళు ఒకసారి వచ్చి ఆయిల్ బాల్స్, అంటే నీటి మీద నూనె పొర పరిచే ఉండలు, వేసి వెళ్ళారు. ఫిర్యాదు చేస్తే ప్రైవేటు స్థలం, ఓనరుకి నోటీసివ్వాలన్నారు. నోటీసు గేటుకి అంటించారు. గేటు మా వైపు లేదు, డల్లాస్ వైపూ లేదు.

ఓనరు నంబరు సంపాదించి పోయిన వారం మెసేజ్ పెట్టాను. "నమస్తే తమ్ముడూ, మీ ప్లాటు పక్కింటి అక్కని. మా అబ్బాయికి డెంగీ వచ్చి తగ్గింది. గుంట పూడిపించండి, కూలీల్ని నేను మాట్లాడతాను, డబ్బులు మాత్రం మీరు పంపితే చాలు." గుంట ఫోటోలు నాలుగు జతచేశాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి.

ఇవాళ పొద్దున కాఫీ తాగుతుంటే చీలమండ మీద చురుక్కుమంది. వంగి చూశాను. కాళ్ళకి తెల్ల చారలు. కాఫీ అక్కడే పెట్టి వంటింట్లోకి వెళ్ళి టార్చి వేసుకుని ఫ్రిజ్ వెనక్కి వంగాను. పళ్ళెం పొడిగానే ఉంది.